చాలు అనే కబురు

నా భార్యను చంపింది నా కూతురు. ఇది అనుమానం కాదు. విచారణ కమిటీ అదే రాసింది, నా కూతురు ఒప్పుకుంది, కింద నేను సంతకం పెట్టాను. ఆరేళ్ళయింది. మా ఊరు జువ్విలంకలో ఎవరినడిగినా ఇంతే చెబుతారు.

నా పేరు సైదు రాఘవులు. కొల్లేరు ఒడ్డున నాకు ఎనిమిదెకరాల చేపల చెరువు ఉండేది. ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. జరిగింది జరిగినట్టు రాయడానికి ఆ చదువు సరిపోతుంది.

నా భార్య పేరు పెద్దింట్లు. కొల్లేటికోట అమ్మవారి పేరు. మా అక్క కూతురే. అందుకని పెళ్ళయ్యాక కూడా నన్ను మావా అనే పిలిచింది.

మా వైపు చేపలకి మేత సంచుల్లో పెడతాం. పాత ప్లాస్టిక్ సంచికి అడుగున చిల్లులు పొడిచి, తవుడు నింపి, చెరువులో వరసగా పాతిన వెదురు గెడలకి కడతాం. చేపలు వచ్చి చిల్లుల దగ్గర మూతి పెట్టి పీలుస్తాయి. వందల మూతులు ఒకేసారి పీలుస్తుంటే ఆ చప్పుడు గట్టు మీదికి వినిపిస్తుంది. తెల్లవారి కడితే తొమ్మిదింటికల్లా ఆగిపోతుంది. ఆగిందంటే కడుపులు నిండాయన్నమాట. అప్పుడు పడవ మీద వెళ్ళి సంచులు విప్పి ఆరేస్తాం.

గెడలకి కట్టడం నా పని. సంచులు నింపడం పెద్దింట్లు పని. నింపే ముందు ప్రతి బస్తాలోంచి చిటికెడు తవుడు తీసి నాలుక మీద వేసుకునేది. కళ్ళు మూసుకుని కాసేపు ఉంచుకునేది. పచ్చి తవుడులో నూనె ఉంటుంది. పాతబడితే చేదెక్కుతుంది. మొదట్లో ఆ చేదు ముక్కుకి అందదు, చేతికి తెలియదు. అలాంటి తవుడు చెరువులో పడితే చేపల కార్జం పాడవుతుంది. మిల్లువాడు పది కొత్త బస్తాల మధ్య రెండు పాతవి తోసేవాడు. పెద్దింట్లు ఉమ్మేసి, "ఇది ఇవతల పెట్టు మావా, సబ్బు తిన్నట్టుంది," అనేది. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారి తప్పు చెప్పలేదు. పక్క చెరువుల వాళ్ళు కూడా గుప్పెడు తవుడు కాగితంలో పొట్లం కట్టుకుని ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు.

"మా ఇంట్లోనే ఒక ల్యాబుంది," అని నా కూతురు నవ్వేది.

కూతురు పేరు ప్రవల్లిక. వల్లి అంటాం. ఒక్కతే. చేపల మీదే పెద్ద చదువు చదివి, ఏలూరు అవతల ఒక మేతల కంపెనీ ల్యాబులో చేరింది. ఆ కంపెనీ పేరు రాయను. ఇప్పుడది లేదు.

ఒక రోజు నన్ను ల్యాబుకి తీసుకెళ్ళింది. రెండు గాజు తొట్లు చూపించింది. రెండింట్లోనూ అరచెయ్యంత శీలావతి చేపపిల్లలున్నాయి. రెండింట్లోనూ ఒకే కొలత మేత వేసింది.

"చూస్తా ఉండు నాన్నా."

పావుగంటకి ఎడం తొట్టిలో చేపలు మేత వదిలేసి అడుగుకి పోయాయి. కుడి తొట్టిలోవి వదల్లేదు. ఇంకా వేసింది. తిన్నాయి. మళ్ళీ వేసింది. తిన్నాయి.

"ఆకలి మందు పెట్టావా?"

"ఆకలి మామూలే. వాటికి చాలు అనేది తెలియదు."

"అదెట్టా?"

"పంచాయితీ నుంచి మనకో నోటీసు వచ్చిందనుకో. పోస్టుమాన్ సంచిలో ఉండగానే ఎవడో దాని మీద ఇంకో కాగితం అంటించాడు. నోటీసు మన చేతికొచ్చింది. చదవగలమా?"

"చదవలేం."

"కడుపు నిండాక 'చాలు' అని ఒంట్లో ఒక కబురు బయల్దేరుతుంది. జన్యువు రాసి పంపే నోటీసది. నేను చేసింది దాని మీద అతుక్కునే చిన్న ముక్క. చిన్న ఆర్‌ఎన్‌ఏ అంటాం. ఒంట్లో ఇలాంటివి సహజంగానే వందలున్నాయి. నేను ఒకటి కొత్తది రాశాను, అంతే. చేప ఆగకుండా తింటుంది. ఏడాదికి పెరిగేది ఐదు నెలల్లో పెరుగుతుంది."

"దాన్ని తిన్న మనిషికి?"

"వండితే ఆ ముక్క విరిగిపోతుంది. మింగినా కడుపులో పులుపుకి విరిగిపోతుంది."

ఆమె కళ్ళల్లో వెలుగు చూశాను. మా లంక పిల్ల. మా చెరువు గట్టు మీద నడక నేర్చిన పిల్ల. గర్వంగా అనిపించింది. దాచుకోవడం ఎందుకు.

మొదటి పరీక్షకి ఊళ్ళో చెరువు కావాలన్నారట వాళ్ళ పెద్దసారు. వల్లి మా చెరువు పేరు చెప్పింది. "మన చెరువైతే నాకు నమ్మకం నాన్నా. చెప్పింది చెప్పినట్టు చేస్తావు," అంది.

శ్రావణమాసంలో పొడి డబ్బాలు తెచ్చింది. ఆ రోజు పెద్దింట్లు ఊళ్ళో లేదు. కలిదిండిలో చెల్లెలి కూతురి సీమంతానికి వెళ్ళింది. వల్లి తవుడు గోదాములో నన్ను కూర్చోబెట్టి ఒక కాగితం చదివింది. పన్నెండు సూచనలున్నాయి. సాయంత్రం ఒక్కో బస్తాకి ఒక చెంచా పొడి కలపాలి. రాత్రంతా అంటుకోనివ్వాలి. తెల్లవారి సంచుల్లో నింపాలి. చేతులకి తొడుగులు వేసుకోవాలి. ఆరో సూచన దగ్గర ఆగి పెన్నుతో గీత గీసింది.

"నాన్నా, ఇది ముఖ్యం. పొడి కలిపిన తవుడు నోట్లో పెట్టుకోకూడదు. ముక్క చుట్టూ సన్నని కొవ్వు పొర వేశాం, నీళ్ళల్లో కరగకుండా. నాలుక మీద కాసేపు నిలిస్తే ఆ పొర ఒంట్లోకి దారి ఇవ్వొచ్చు. కడుపులోలా విరగదు. చేప 'చాలు' కబురూ మన 'చాలు' కబురూ దాదాపు ఒకే అక్షరాలు. అమ్మ రుచి చూడటం మానాలి. వచ్చాక చెప్పు."

"చెబుతాలే."

"మర్చిపోవుగా?"

"నేనేమన్నా చిన్నపిల్లాడినా?"

సంతకం పెట్టాను.

మూడో రోజు పెద్దింట్లు తిరిగొచ్చింది. అప్పటికి చెరువులో రెండు పూటలు నేనే సంచులు నింపి కట్టాను. నాలుగో రోజు తెల్లవారి ఆమె మామూలుగా గోదాములోకి వచ్చింది. మొదటి బస్తాలోంచి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంది. నేను ఎదురుగానే ఉన్నాను. మాట నోటి దాకా వచ్చింది. ఈలోగా ఆమె ఉమ్మేసి, "ఇది ఇవతల పెట్టు. ఇదీ. ఆ మూలదీ. నేను లేని రెండ్రోజులూ ఏం పోశావు మావా చెరువులో?" అంది.

పన్నెండు బస్తాల్లో మూడు చేదెక్కినవి.

అప్పుడు నేను అనుకున్నది ఇది. ఈ తవుడు చెరువులో పడితే చేపలు పాడవుతాయి. చేపలు పాడైతే పరీక్ష పోతుంది. పరీక్ష పోతే వల్లి పేరు పోతుంది. పెద్దింట్లు ఉమ్మేస్తోంది కదా, మింగట్లేదు కదా. ఈ లోడు అయ్యేదాకా చూడనిద్దాం. తరవాత చెబుదాం.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆమెకి వచ్చిన విద్య అదొక్కటే. కూతురు ల్యాబు నుంచి మందు తెచ్చింది, ఇక నీ నాలుకతో పని లేదు అని ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

అలా చెప్పక్కర్లేదు కూడా. పొడి కలిపేది సాయంత్రం. అంతకు ముందే రుచి చూడమంటే సరిపోయేది. తెల్లవారి చూసే రుచి ముందు రోజు సాయంత్రమే చూసేది. ఆ ఒక్క మాట చాలు. అది నాకు తట్టలేదు. ఆమె పోయిన పదకొండో రోజున తట్టింది.

వారం తరవాత వల్లి ఫోన్ చేసింది. "అమ్మకి చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నా అనుకుందా?"

"ఏమనుకుంటుంది? సరేనంది."

లోడు అయిపోయింది. ఇంకో లోడు వచ్చింది. అందులోనూ చేదెక్కినవి ఉన్నాయి.

కార్తీకం వచ్చేసరికి చెరువు మారింది. పడవ మీద వెళ్తే చేపల వీపులు తెడ్డుకి తగిలేవి. బొచ్చె చేపలు మేకపిల్లల్లా ఉన్నాయి. వల్లీ, ఆమె సారూ వచ్చి తూకాలు చూసి చేతులు కలుపుకున్నారు. ఒక్కటే నాకు నచ్చలేదు. చప్పుడు ఆగడం లేదు. తొమ్మిది దాటినా, మధ్యాహ్నమైనా, సంచులు ఖాళీ అయి గెడలకి వేలాడుతున్నా ఆ చేపలు చిల్లుల దగ్గర మూతి పెట్టి పీలుస్తూనే ఉండేవి. సంచి పోగులు కూడా తినేవి.

ఆ నెలలోనే ఒక మధ్యాహ్నం నేను అన్నానికి వస్తే పెద్దింట్లు నా కంటే ముందు తినేసి ఉంది.

రాసి చూస్తే ఇది చిన్న విషయంగా ఉంది. మా ఇంట్లో చిన్నది కాదు. పెళ్ళయిన నాటి నుంచి ఆమె చివర తింటుంది. గిన్నె అడుగున మిగిలింది తింటుంది. నేను వద్దన్నా వినేది కాదు. ఆ రోజు గిన్నె ఖాళీగా ఉంది. ఆమె తలదించుకుని మళ్ళీ పొయ్యి వెలిగిస్తోంది.

"ఆకలైందా?"

"ఏమో మావా. తెలీకుండా అయిపోయింది."

వారం రోజుల్లో రెండు పూటల అన్నం నాలుగు పూటలైంది. పక్కింటి వీరమ్మ గోడ మీంచి చూసి వేళాకోళం చేసింది.

"ఏం వదినా, ఈ వయసులో నెల తప్పావా ఏంటి? మా అన్నయ్య గట్టోడే!"

"నీ నోట్లో తవుడు కొట్ట. నీ మొగుణ్ణడుగు ఎవరు గట్టోళ్ళో."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ ఇంట్లో నవ్వు అదే ఆఖరు.

తరవాత దాచుకుని తినడం మొదలైంది. దిండు కింద అటుకులు. చీర కొంగులో బెల్లం. ఒకసారి బియ్యం డబ్బా పక్కన కూర్చుని పచ్చి బియ్యం నములుతూ కనిపించింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. నోరు ఆగడం లేదు.

"ఏంటే ఈ కక్కుర్తి? ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు?" అని డబ్బా లాగేశాను.

"ఆకలి కాదు మావా. పొట్ట నొప్పెడతంది. ఆపాలని తెలవట్లా."

ఆపాలని తెలవట్లా. ల్యాబులో కుడి తొట్టి గుర్తొచ్చింది. అప్పుడే నాకు తెలిసింది. అనుమానం కాదు, తెలిసింది. మర్నాడు తెల్లవారి గోదాము దగ్గర, "నువ్వు రాకు. ఇక నేనే నింపుకుంటాను. ఒంట్లో బాగాలేదు కదా," అన్నాను. ఎందుకో చెప్పలేదు.

ఏలూరు తీసుకెళ్ళాను. షుగరు లేదన్నారు. తలకి ఫోటో తీసి, మెదడు అడుగున ఒక మచ్చ ఉందేమో అన్నారు. స్పష్టంగా లేదు, విజయవాడలో పెద్ద మిషను మీద తీయించాలన్నారు. పన్నెండు రోజుల తరవాత తేదీ దొరికింది. అప్పటిదాకా తిండి చేతికి అందనివ్వొద్దు, కొలత ప్రకారం మీరే పెట్టండి, కడుపు గోడ సాగిపోయి ఉంది, ప్రమాదం అన్నారు.

డాక్టరు చెప్పింది ఫోన్లో చెబితే ఆ సాయంత్రమే వల్లి వచ్చింది. భుజాన చేతి సంచి ఉంది. మొహం పాలిపోయి ఉంది. తల్లి పక్కన మంచం మీద కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"ఎంత లావయ్యావే అమ్మా."

"మీ నాన్న బాగా చూసుకుంటన్నాడుగా."

"అమ్మా, ఒకటడుగుతాను. తొందరేం లేదు, ఆలోచించి చెప్పు. మందు కలపడం మొదలెట్టాక తవుడు ఎప్పుడన్నా నాలుక మీద వేసుకున్నావా?"

వల్లే మళ్ళీ అంది. "రుచి చూడొద్దని నాన్న నీకు అప్పుడే చెప్పాడు కదా. పొరపాటున ఎప్పుడన్నా?"

పెద్దింట్లు నా మొహం చూసింది. ఎంతసేపో కాదు, రెప్పపాటు. ఇరవై ఆరేళ్ళు నాతో ఉన్న మనిషి. ఆమెకి అంతా అర్థమైంది. తనకి చేరాల్సిన మాట నా దగ్గరే ఆగిపోయిందని అర్థమైంది. నేను కూతురికి అబద్ధం చెప్పానని కూడా అర్థమైంది.

"ఆ, చెప్పాడు. కలిదిండి నుంచి వచ్చినరోజే చెప్పాడు. మానేశాగా."

"ఒక్కసారి కూడా లేదా?"

"ఒక్కసారి కూడా లేదే. మీ నాన్న ఊరుకుంటాడా?"

వల్లి నా వైపు తిరిగింది. "నాన్నా?"

"లేదు," అన్నాను.

వల్లి రెండు చేతుల్తో మొహం కప్పుకుని ఊపిరి వదిలింది. తరవాత సంచిలోంచి ఒక స్టీలు ఫ్లాస్కు తీసి మోకాళ్ళ మీద పెట్టుకుంది.

"ముందే చెబితే మందు కోసం ఔనంటారేమోనని చెప్పలేదు. ఇది విరుగుడు. నేను రాసిన ముక్కకి ఎదురు ముక్క. దాన్ని పట్టుకుని కబురు మీంచి ఊడదీస్తుంది. నాలుక మీద నాలుగు రోజులు వేస్తే చాలు. కానీ ఒంట్లో ఆ ముక్క లేకుండా ఇది వేస్తే, పట్టుకోవడానికి ఏమీ దొరక్క మంచి కబుర్లని పట్టుకుంటుంది. ఎలుకలకి వేసి చూశాం. ముక్క ఉన్నవి బతికాయి. లేనివి చచ్చిపోయాయి. నువ్వు నోట్లో పెట్టుకోలేదు కాబట్టి ఇది నీకు విషమే. మచ్చ సంగతే చూడాలి."

"ఒంట్లో ఉందో లేదో పరీక్ష చెయ్యలేరా?" అన్నాను.

"బతికున్న మనిషి మెదడు కోసి చూడాలి నాన్నా. రక్తంలో కనపడదు."

అప్పుడు చెప్పొచ్చు. పెద్దింట్లు నా వైపు చూస్తోంది. నేను చెబుతానని చూస్తోంది. నేను గుమ్మంలోంచి చెరువు వైపు చూశాను. గట్టు అవతల చేపలు ఖాళీ సంచులు పీలుస్తున్నాయి.

ఐసు కరిగితే విరుగుడు పనికిరాదని వల్లి వెంటనే బయల్దేరింది. బస్సు రోడ్డు దాకా నా బండి మీద దిగబెట్టాను. నాలుగు కిలోమీటర్లు. సంచి మా ఇద్దరి మధ్య పెట్టుకుంది. గుంత పడినప్పుడల్లా ఫ్లాస్కు నా వీపుకి తగులుతోంది. ఆ చల్లదనం చొక్కాలోంచి తెలుస్తోంది.

"చెరువు మందు అమ్మకి అంటుకోలేదు. అంతవరకు నయం నాన్నా," అంది వెనక నుంచి. "నా వల్ల కాదు. మచ్చైతే కోయించవచ్చు. నా వల్ల అయ్యుంటే నేను బతకలేకపోయేదాన్ని."

ఆ మాట విన్నాక కూడా చెప్పొచ్చు. బస్సు ఆలస్యంగా వచ్చింది. ఇరవై నిమిషాలు రోడ్డు పక్కన నిలబడ్డాం. వల్లి టీ తాగించింది. బస్సు ఎక్కింది. చెయ్యి ఊపింది.

ఇంటికి వస్తే పెద్దింట్లు గుమ్మంలో కూర్చుని ఉంది.

"దార్లో చెప్పావా మావా?"

అందుకే ఆమె అబద్ధమాడింది. కూతురి ఎదురుగా నన్ను పట్టివ్వకూడదని. దారిలో నేనే మెల్లగా చెప్పుకుంటానని. నా మర్యాద నాకుంచి, నా నోటి కోసం ఎదురుచూసింది.

"చెప్పాను," అన్నాను. "మందు మళ్ళీ ఐసులో పెట్టి తెస్తానంది."

"ఎప్పుడు?"

"నాలుగైదు రోజుల్లో."

"తిట్టిందా నిన్ను?"

"లేదు."

"మంచిది," అంది. కళ్ళు తుడుచుకుంది. "పిల్ల మనసు మంచిది."

మర్నాడు వంటింటికి తాళం వేశాను. తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాను. డాక్టరు చెప్పిన కొలత ప్రకారం పూటకి ఒక గిన్నె పెట్టేవాణ్ణి. ఆమె గిన్నె నాకేది. వేళ్ళు నాకేది. తలుపు దగ్గర కూర్చుని గొళ్ళెం పట్టుకునేది. తిట్టేది కాదు. ప్రతి ఉదయం ఒకటే అడిగేది.

"మందు వచ్చిందా మావా?"

"రేపు."

మూడుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. మూడుసార్లూ వల్లి పేరు దాకా వెళ్ళాను. ఒకసారి మోగింది కూడా. "ఏంటి నాన్నా?" అంది. "ఏం లేదు. అన్నం తిన్నావా?" అన్నాను.

వల్లి పరీక్ష ఆపమంది. వాళ్ళ సారు ఒప్పుకోలేదు. రైతు కుటుంబం సూచనలన్నీ పాటించిందని మీరే రాసిచ్చారు కదా, ఇంకెందుకు ఆపడం అన్నాడట. కాబట్టి సాయంత్రాలు బస్తాల్లో పొడి కలుపుతూనే ఉన్నాను.

తొమ్మిదో రోజు ఉదయం పెద్దింట్లు నా చెయ్యి పట్టుకుంది. "గంజి నీళ్ళన్నా పొయ్యి మావా. కుండలో నీళ్ళు తాగీ తాగీ కళ్ళు తిరుగుతున్నాయి."

"ఇంకో మూడు రోజులు. పెద్ద మిషను మీద ఫోటో తీస్తారు."

"ఫోటో ఎందుకు? మందొస్తందిగా."

సంచులు నింపుకుని పడవెక్కాను. వంటింటి తాళం చూసుకున్నాను. గోదాముకి తాళం లేదు. మా లంకలో తవుడు గోదాముకి ఎవరూ తాళం వెయ్యరు.

ఆ రోజు సంచులు కట్టడం చాలాసేపు పట్టింది. చేపలు పడవని కదలనివ్వలేదు. తెడ్డు కొరుకుతున్నాయి. వేళ్ళు నీళ్ళల్లో పెడితే వేళ్ళు కొరుకుతున్నాయి. ఒడ్డుకి వచ్చేసరికి ఎండెక్కింది.

గోదాము తలుపు తీసి ఉంది.

బస్తాకి ఆనుకుని కూర్చుని ఉంది. మొహమంతా తవుడు. జుట్టులో తవుడు. ఒళ్ళో సగం ఖాళీ అయిన బస్తా ఉంది, పక్కన ఖాళీ బక్కెట్టు బోర్లాపడి ఉంది. ఎండు తవుడు తిని, దాని మీద నీళ్ళు తాగింది. నీళ్ళు పడితే తవుడు ఎంత ఉబ్బుతుందో చేపలు పెంచేవాడికి చెప్పక్కర్లేదు. నన్ను చూసింది. ఇంకా నములుతోంది.

"తొమ్మిదో బస్తా చేదుగా ఉంది మావా," అంది. "ఇవతల పెట్టు."

ఆటోలో కైకలూరు తీసుకెళ్తుంటే మండవల్లి దాటాక పోయింది. కడుపు చిరిగిందన్నారు.

వల్లి వచ్చింది. ఏడవలేదు. పోస్టుమార్టంలో తల్లి ఒంట్లోంచి నమూనాలు తీయించి ల్యాబుకి తనే పట్టుకెళ్ళింది. మూడో రోజు ఫోన్ చేసింది. మాటలు సరిగ్గా రావడం లేదు.

"నాన్నా, ఉంది. మెదడు లోపల ఉంది. ఆ ఒక్క ఉదయం తిన్నది కాదు, అంత లోతుకి పోవడానికి వారాలు పడుతుంది. మచ్చ కాదు నాన్నా. నేను రాసిన ముక్కే. అమ్మ నోట్లో పెట్టుకోకుండానే ఎలా పోయింది? గాలిలోంచా? చేతుల్లోంచా? నీళ్ళల్లోంచా? ఆ రోజు విరుగుడు నా చేతిలోనే ఉంది నాన్నా. అమ్మ పక్కన కూర్చున్నాను. ఫ్లాస్కు నా ఒళ్ళో ఉంది."

"నీ మందే చంపింది," అన్నాను. ఫోన్ పెట్టేశాను.

చెరువు నీళ్ళు తోడేసి, సున్నం కొట్టి, చేపల్ని గోతుల్లో పూడ్చారు. కమిటీ వచ్చింది. నన్ను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి అడిగారు.

"మీకు సూచనలు చదివి చెప్పారా?"

"చెప్పారు."

"ఆరో సూచన మీ భార్యకి తెలుసా?"

వల్లి ఎదుటి కుర్చీలో ఉంది. కాగితం మీదకి చూస్తోంది.

"తెలుసు," అన్నాను.

"పాటించారా?"

"పాటించాం."

తరవాత వల్లి లేచి చెప్పింది. "నా లెక్కలో లోపం ఉంది, నాకు తెలియని దారి ఏదో ఉంది, తప్పు నాది." అది రాసుకున్నారు. ల్యాబు మూసేశారు. ఆమె చదువుకి విలువ లేకుండా పోయింది.

ఇప్పుడు ఏదో ఊళ్ళో పిల్లలకి పాఠాలు చెబుతోంది. పెళ్ళి చేసుకోలేదు. ఉన్న ఒక్క గదిలో రెండు గాజు తొట్లు పెట్టుకుందట. ఆరేళ్ళుగా ఆ దారి వెతుకుతోంది. ఏటా తల్లి తిథి నాడు ఉత్తరం రాస్తుంది. నేను జవాబు రాయను. ఆమె వస్తే తలుపు తీయను. నింద వేస్తున్నానని అనుకుంటోంది. నిజమే. వేస్తున్నాను. తల్లి మొహం చూసి అబద్ధం పట్టుకోలేకపోయింది. తండ్రి మాట విని ఫ్లాస్కు మూసేసింది. తొట్టిలో చేప ఎంత తిన్నదో కనిపెట్టిన పిల్లకి, ఇరవై నిమిషాలు రోడ్డు పక్కన నిలబడ్డ తండ్రి మొహంలో ఏమీ కనిపించలేదు. నన్ను నమ్మింది. అది నేను క్షమించను.

ఈ ఏడు ఉత్తరం పొట్టిగా ఉంది.

"నాన్నా, గాలి చూశాను. నీళ్ళు చూశాను. చర్మం చూశాను. ఎక్కడా దాటలేదు. ఒక్క దారే మిగిలింది. అది కాదని మీరిద్దరూ చెప్పారు. ఇంకొక్కసారి అడుగుతాను, మళ్ళీ అడగను. అమ్మ రుచి చూసిందా?"

చూసింది. డెబ్బై ఎనిమిది రోజులు. రోజుకి పన్నెండు బస్తాలు. నేను ఎదురుగా నిలబడి ఉన్నాను. ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఈ కాగితాలు రేపు పోస్టులో వేస్తాను. వల్లి చదివాక తొట్లు ఖాళీ చేసుకోవచ్చు. ఫోన్ చెయ్యొద్దు. రావద్దు. వచ్చినా ఈ సంగతి నా ముందు ఎత్తొద్దు. ఎవరికీ, ఎప్పుడూ, దీని గురించి నేను ఇక ఒక్క మాట మాట్లాడను.